తెర పలుచనైంది, మరి మిగతా కంప్యూటర్ ఎక్కడికి పోవాలి?

అధ్యక్షులకు, సభలో ఉన్న మిత్రులకు నమస్కారం.

ఇంకా బయటికి రాని ఒక కంప్యూటర్ ఎలా ఉండబోతుందో చెప్పమని నన్ను పిలిచారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెత ఇలాంటి ప్రసంగాల కోసమే పుట్టి ఉంటుంది. అయినా ఒప్పుకున్నాను. రాబోయే వస్తువు రూపాన్ని ఊహించడం చాలామంది అనుకునేంత జోస్యమేమీ కాదు. కొంచెం లెక్క, కొంచెం వేడి గురించిన అవగాహన, అదే కంపెనీ గతంలో ఏం చేసిందో గుర్తుంచుకునే ఓపిక ఉంటే చాలు. ఏది వస్తుందో కచ్చితంగా చెప్పలేకపోయినా, ఏది రాదో చాలావరకు చెప్పేయవచ్చు.

నేను మాట్లాడబోయేది తెర, కంప్యూటర్ ఒకే వస్తువుగా ఉండే ఆపిల్ కంపెనీ ఐమాక్ గురించి. ఇంకా చెప్పాలంటే, చాలామంది ఎదురుచూస్తున్న పెద్ద తెర ఐమాక్ గురించి. ఇంటర్నెట్‌లో దాని ఊహాచిత్రాలు మీరు చూసే ఉంటారు. గాలిలో తేలుతున్నట్టుండే గాజు పలక, చుట్టూ అంచు లేదు, వెనక వైరు లేదు, కింద స్టాండు ఉందంటే ఉంది. ఆ బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ బొమ్మలోని కంప్యూటర్ వేడెక్కదు. దానికి కరెంటు అక్కర్లేదు. దాని స్పీకర్ నుంచి శబ్దం రావాల్సిన పని లేదు. అందుకే ఏ బొమ్మ చూపించినా నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. తెర సరే, తెర కానిదంతా ఎక్కడ పెట్టారు?

ఈ ప్రశ్న 1998లో ఎవరికీ రాలేదు. ఆ ఏడాది మే నెలలో స్టీవ్ జాబ్స్ మొదటి ఐమాక్‌ను చూపించారు. లోపల 15 అంగుళాల పిక్చర్ ట్యూబు. పిక్చర్ ట్యూబు అంటే పడుకోబెట్టిన గాజు గరాటు లాంటిది. ముందువైపు వెడల్పు, వెనక్కి పోయేకొద్దీ సన్నం. ఎంత వద్దనుకున్నా డబ్బా లోతుగానే ఉండాలి, లోతుగా ఉన్నాక లోపల చోటు దొరుకుతుంది. మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్ అన్నీ ట్యూబు కింద సర్దుకున్నాయి. మొత్తం బరువు 17 కిలోల పైమాటే. అయినా పైన పట్టుకోవడానికి ఒక పిడి పెట్టారు. అంత బరువును ఆ పిడి పట్టుకుని రోజూ మోసేవాళ్ళు ఎవరుంటారు? కంప్యూటర్ అంటే భయపడేవాళ్ళకు ముట్టుకోవచ్చని చెప్పడం ఆ పిడి అసలు పని. ధర 1,299 డాలర్లు. ఆ ధర గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ట్యూబు పోయి పలుచటి ఎల్‌సీడీ పలక వచ్చాక పరిస్థితి తిరగబడింది. తెర సన్నబడింది గానీ హార్డ్ డిస్క్ సన్నబడలేదు. డిస్కు డ్రైవ్ సన్నబడలేదు. ప్రాసెసర్ వేడి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇన్నాళ్ళూ ట్యూబు నీడలో బతికినవన్నీ ఒక్కసారిగా నిలువ నీడ లేకుండా పోయాయి. అప్పటినుంచి ఇప్పటివరకు పలుచటి తెర ఉన్న ప్రతి డెస్క్‌టాప్ ఈ సమస్యకు ఏదో ఒక జవాబే.

మొదటి జవాబుల్లో ఒకటి ఐమాక్ కంటే ముందే వచ్చింది. 1997లో ఆపిల్ తన ఇరవయ్యేళ్ళ పండుగకు ప్రత్యేకంగా ఒక మాకింటోష్ కంప్యూటర్ చేసింది, పొట్టిగా మాక్ అంటాం. 12.1 అంగుళాల ఎల్‌సీడీ తెర, దాని వెనకే కంప్యూటర్, తెర కింద నిలువుగా సీడీ డ్రైవ్. చూడటానికి ఇప్పటికీ అందమైన యంత్రం. ధర 7,499 డాలర్లు. ఏడాది తిరిగేసరికి దాన్ని 1,995 డాలర్లకు అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ యంత్రంలో నాకు నచ్చిన చమత్కారం మాత్రం తెర దగ్గర లేదు. విద్యుత్ సరఫరా చేసే భాగాన్ని తెర వెనక ఇరికించలేక, నేల మీద పెట్టే సబ్‌వూఫర్, అంటే గంభీరమైన శబ్దాల స్పీకర్, పెట్టెలోకి పంపేశారు. బల్ల మీద సన్నటి కంప్యూటర్, బల్ల కింద బరువైన పెట్టె. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇదే ఎత్తు మళ్ళీ చూస్తాం.

తర్వాత మిగతావాళ్ళూ ప్రయత్నించారు. 1999లో గేట్‌వే ప్రొఫైల్, 2000లో ఐబీఎం నెట్‌విస్టా ఎక్స్40. రెండింటిలోనూ ఎల్‌సీడీ వెనకే కంప్యూటర్. పని చేశాయి. అంతకుమించి వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు 2001కి వద్దాం. ఊహించే విద్య నేర్చుకోవాలనుకునేవాళ్ళకు అంతకంటే మంచి ఏడాది దొరకదు. పలుచటి తెర ఐమాక్ వస్తుందని అందరికీ తెలుసు, ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఫిబ్రవరిలో టోక్యోలో జరిగిన మాక్‌వరల్డ్ అనే ఆపిల్ వస్తువుల ప్రదర్శనలో కొత్త ఐమాక్‌లు వచ్చాయి, ఒకదాని మీద పూల బొమ్మలు, మరొకదాని మీద నీలం రంగులో తెల్ల చుక్కలు. లోపల అదే ట్యూబు. జులైలో న్యూయార్క్‌లో మళ్ళీ కొత్త ఐమాక్‌లు, మళ్ళీ అదే ట్యూబు. ఆశపడ్డవాళ్ళు ఉసూరుమన్నారు. నిజానికి ఆ మధ్యలోనే అసలు ఆధారం బయటపడింది. మే నెలలో డెవలపర్ల సమావేశంలో జాబ్స్, ఇకపై తమ మానిటర్లన్నీ ఎల్‌సీడీలేనని ప్రకటించారు. 17 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్‌ను 999 డాలర్లకు పెట్టారు. పలకల ధర దిగివస్తోందన్నమాట. అంటే ప్రశ్న తెర ఖరీదుది కాదు, మిగతా కంప్యూటర్‌ది.

అదే జులైలో ఇంకో సంగతి జరిగింది. 2000లో వచ్చిన పవర్ మాక్ జీ4 క్యూబ్ ఉత్పత్తిని ఆపిల్ ఆపేసింది. ఫ్యాను లేకుండా, వేడిగాలి దానంతటదే పైకి పోయేలా కట్టిన ఘనం అది. 1,799 డాలర్లు, అదీ మానిటర్ లేకుండా. అమ్మకాలు పడిపోయాయి. కానీ దాని నుంచి ఇంజినీర్లు ఏం నేర్చుకున్నారో ఊహించడం కష్టం కాదు. జీ4 ప్రాసెసర్‌ను చిన్న చోట బంధించవచ్చు, గాలి కింద నుంచి పీల్చి పైన వదిలేలా చేస్తే చాలు. ఇది తెలిసినవాళ్ళకు ఆర్నెల్ల తర్వాత వచ్చినదాన్ని చూసి అంత ఆశ్చర్యం కలగకూడదు. నిజాయితీగా చెప్పాలంటే అందరికీ కలిగింది.

2002 జనవరి 7న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐమాక్ జీ4ను చూపించారు. అంతకుముందు కొద్ది రోజులు ఆపిల్ తన వెబ్‌సైటులోనే వదంతుల సైట్లను దెప్పిపొడిచింది, మీ ఊహకు అందనిది వస్తోందని. తమాషా ఏమిటంటే సభకు ముందు రాత్రే టైమ్ పత్రిక కెనడా వెబ్‌సైటు పొరపాటున ముఖచిత్ర కథనాన్ని బయటపెట్టేసింది. ఏడాది పాటు నెటిజన్లు గీసిన బొమ్మలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ఫొటో ఒక ఎత్తు.

అర్ధగోళం ఆకారంలో తెల్లటి అడుగు భాగం, అడ్డం సుమారు 27 సెంటీమీటర్లు. అందులో కంప్యూటర్ మొత్తం ఉంది. దాని నడినెత్తి నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు చెయ్యి, చెయ్యి చివర 15 అంగుళాల తెర. వేలితో తోస్తే తెర పైకీ కిందికీ పక్కకీ కదిలి, వదిలినచోటే ఆగిపోయేది. చేతిలో స్ప్రింగులు తెర బరువుకు సరితూగేలా బిగించారు. వేడిగాలి అర్ధగోళం పైన, చెయ్యి మొదట్లో ఉన్న కన్నాల నుంచి పోయేది. ధరలు 1,299 డాలర్ల నుంచి మొదలు. అవును, 1998 నాటి ధరే. రెండు నెలలకే ఎల్‌సీడీలు, మెమొరీ ఖరీదయ్యాయంటూ ప్రతి మోడల్‌కూ వంద డాలర్లు కలిపారు. అది వేరే కథ.

ఈ రూపానికి ముందు ఇంకో రూపం ఉండేదని తర్వాత తెలిసింది. తెర వెనక అన్నీ అతికించిన నమూనాను డిజైన్ బృందం తయారు చేస్తే జాబ్స్ తోసిపుచ్చారు. ఆ బృందం పెద్ద జోనీ ఐవ్‌తో కలిసి తన ఇంటి తోటలో నడుస్తూ మాట్లాడినప్పుడు పొద్దుతిరుగుడు పువ్వు ప్రస్తావన వచ్చిందని, అక్కడి నుంచి ఈ రూపం పుట్టిందని కథనం. పువ్వు కథ అందరికీ నచ్చుతుంది, పత్రికలకు మరీ నచ్చుతుంది. నాకు మాత్రం ఆ నమూనాను ఎందుకు కాదన్నారో, ఆ కారణాలే ఎక్కువ పనికొస్తాయి. ఆనాటి డిస్కు డ్రైవ్‌ను నిలబెడితే పడుకోబెట్టినంత వేగంగా నడవదు, వాళ్ళకేమో డీవీడీలు రాసే డ్రైవ్ కావాలి. ప్రాసెసర్‌ను తెర వెనక పెడితే ఫ్యాను గోల ముఖానికి ఎదురుగా ఉంటుంది. పైగా తెరను కాస్త కదపాలంటే కంప్యూటర్ మొత్తాన్నీ కదపాలి. తెరను తెరగా, కంప్యూటర్‌ను కంప్యూటర్‌గా ఉండనివ్వాలన్నది వాళ్ళు చేరిన నిర్ణయం. 2001లో అది సరైన నిర్ణయం. నేను చూసిన డెస్క్‌టాప్‌లలో అంత తెలివైన రూపం ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటాను.

మరి అంత తెలివైనది రెండున్నరేళ్ళకే ఎందుకు పోయింది? సాధారణంగా చెప్పే జవాబు ఖర్చు. ఆ చెయ్యి తయారీ ఖరీదైనదే. కానీ బరువుల పట్టిక చూస్తే అసలు విషయం అక్కడే కనిపిస్తుంది. 15 అంగుళాల ఐమాక్ జీ4 బరువు 9.7 కిలోలు. 2002 జులైలో వచ్చిన 17 అంగుళాలది సుమారు పదిన్నర కిలోలు. 2003 నవంబర్‌లో వచ్చిన 20 అంగుళాలది 18 కిలోలు దాటింది. మూడంగుళాల తెర పెరిగితే ఏడెనిమిది కిలోల బరువు పెరిగింది. చెయ్యి చివర తెర ఎంత బరువైతే, దాన్ని చాచినప్పుడు యంత్రం ముందుకు పడిపోకుండా అడుగున అంతకు ఎన్నో రెట్లు బరువు నింపాలి. పలుచటి తెరతో వచ్చిన కంప్యూటర్ చివరికి పాత ట్యూబు ఐమాక్ కంటే బరువెక్కింది. 24 అంగుళాల తెరను అదే చేతికి తగిలించి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకోండి. ఆ రూపం అందులోనే తన ముగింపు రాసుకుంది, తెరలు పెద్దవవుతాయని తెలిసినవాళ్ళు 2002లోనే ఆ మాట చెప్పి ఉండవచ్చు.

2004 వేసవిలో మళ్ళీ ఊహల కాలం. పాత ఐమాక్ సరుకు అయిపోవచ్చింది, కొత్తది సెప్టెంబర్‌లోగానీ రాదని ఆపిల్ స్వయంగా ఒప్పుకుంది. కంపెనీలు మామూలుగా చేయని పని. ఊరుకుంటారా జనం? ఇంకో చెయ్యి, ఇంకో పువ్వు, విప్పి చేత్తో పట్టుకెళ్ళే తెర, ఎన్ని గీశారో! అందరికీ తెలిసిన చిక్కు ఒకటే. జీ4 తర్వాత వచ్చిన జీ5 ప్రాసెసర్ వేడి మామూలు వేడి కాదు. అదే ఏడాది పెద్ద పవర్ మాక్ జీ5లో 2.5 గిగాహెర్ట్జ్ మోడల్‌కు ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. అలాంటిది ఐమాక్‌లో ఎలా ఇమడుతుంది?

ఆగస్టు 31న ప్యారిస్‌లో ఆపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ జవాబు చూపించారు. జాబ్స్ అప్పుడు శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్నారు. సుమారు 5 సెంటీమీటర్ల మందం ఉన్న తెల్లటి పలక, వంచిన అల్యూమినియం రేకు కాలు. తెర వెనకే అంతా. 2001లో కాదన్న రూపమే ఇది! మధ్యలో మారిందేమిటంటే డిస్కు డ్రైవ్ నిలువుగా నిలబడటానికి, సన్నటి చీలికలోంచి డిస్కు మింగడానికి అలవాటుపడింది, ఫ్యాన్లు లోపలి భాగాలను విడివిడిగా చల్లబరుస్తూ అవసరాన్ని బట్టి వేగం మార్చుకోవడం నేర్చాయి. 20 అంగుళాల జీ5 బరువు పదకొండున్నర కిలోల లోపే. చెయ్యి పోయింది, ఏడు కిలోలు తగ్గాయి. వెనక మూత మూడు స్క్రూలతో ఊడేది, ఇంట్లోనే మెమొరీ, డిస్కు మార్చుకోగలిగేవాళ్ళు. అయితే ఇరుకైన చోట వేడి ఊరికే పోలేదు. చాలా జీ5 ఐమాక్‌లలో కెపాసిటర్లు, అంటే బోర్డు మీద విద్యుత్తును నిల్వ చేసే చిన్న భాగాలు, ఉబ్బిపోయాయి. ఆ కాలంలో పరిశ్రమ మొత్తాన్నీ పీడించిన నాసిరకం కెపాసిటర్ల తప్పూ అందులో ఉంది. ఆపిల్ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించాల్సి వచ్చింది.

ఆ తర్వాత పదిహేడేళ్ళ చరిత్రను వేగంగా దాటేస్తాను, ఎందుకంటే రూపం మారలేదు, దుస్తులు మారాయి. 2007లో అల్యూమినియం, గాజు. 2012లో అంచు 5 మిల్లీమీటర్లు. పక్కనుంచి తీసిన ఫొటోలో కత్తిలా ఉండేది, వెనక చెయ్యి పెడితే మధ్యలో పొట్ట తగిలేది. డిస్కు డ్రైవ్ పోయింది, ముందు గాజును తెరకు అతికించేశారు, మూడు స్క్రూల రోజులు ఎప్పుడో అయిపోయాయి. 2014లో 27 అంగుళాల తెర మీద 5120 బై 2880 చుక్కలు, అంటే పిక్సెళ్ళు. దాన్నే 5కే అంటారు. ఆ తెర దగ్గరికి మళ్ళీ వస్తాను.

2021 ఏప్రిల్ అసలైన మలుపు. ఇంటెల్ ప్రాసెసర్ పోయి ఆపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 వచ్చింది. 24 అంగుళాల ఐమాక్ మందం 11.5 మిల్లీమీటర్లు, అంచు నుంచి అంచు దాకా ఒకే మందం, పొట్ట లేదు. బరువు నాలుగున్నర కిలోల లోపు. మదర్‌బోర్డు, ఫ్యాన్లు తెర వెనక లేవు, తెర కింద ఉన్న రంగు పట్టీలో ఉన్నాయి. విద్యుత్ అడాప్టర్‌ను బయటికి పంపేశారు, నెట్‌వర్కు కేబులు గుచ్చే ఈథర్నెట్ రంధ్రం కూడా దానికే పెట్టారు. 1997 నాటి సబ్‌వూఫర్ పెట్టె గుర్తొచ్చిందా? హెడ్‌ఫోను రంధ్రం చూడండి, వెనక నుంచి ఎడమ పక్కకి వచ్చింది. హెడ్‌ఫోను పిన్ను పొడవు ఆ పలక మందం కంటే ఎక్కువ, వెనక నుంచి గుచ్చితే తెరలోంచి బయటికి రావాలి! ఊహించేవాళ్ళు గమనించాల్సింది ఇలాంటివే. ఒక రంధ్రం ఎందుకు చోటు మార్చుకుందో తెలిస్తే మిగతా యంత్రం తీరు తెలుస్తుంది.

ఆ కింది పట్టీ మీద చాలా విమర్శలు వచ్చాయి. పెద్ద ఐమాక్ గురించి గీసే ప్రతి బొమ్మలోనూ మొదట మాయమయ్యేది అదే. అది పోతుందా?

రెండు ఆధారాలు చూపిస్తాను. 2022లో ఆపిల్ 27 అంగుళాల స్టూడియో డిస్‌ప్లే తెచ్చింది. పేరుకు మానిటరే గానీ లోపల ఐఫోనుకు వాడిన ఎ13 ప్రాసెసర్ ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, స్పీకర్లు ఉన్నాయి, విద్యుత్ సరఫరా భాగం కూడా లోపలే ఉంది. కింద పట్టీ లేదు. ఎలా సాధ్యమైంది? ఆ పలక 24 అంగుళాల ఐమాక్ కంటే బాగా మందం, అంతే. రెండో ఆధారం 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో. 13 అంగుళాల తెర, ఎం4 ప్రాసెసర్, బ్యాటరీతో సహా మందం 5.1 మిల్లీమీటర్లు. అందులో ఫ్యాను లేదు, ఎక్కువసేపు గట్టి పని చెబితే వేడికి వేగం తగ్గించుకుంటుంది. అది డెస్క్‌టాప్ కొనేవాళ్ళు క్షమించని విషయం.

కాబట్టి పట్టీ అనేది ఇప్పుడు గత్యంతరం లేక పెట్టింది కాదు, మందంతో కుదుర్చుకున్న బేరం. మందం 11.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉండాలంటే పట్టీ ఉండాలి. పట్టీ వద్దంటే మందం పెరగాలి. రెండూ ఒకే కంపెనీ ఒకే ఏడాది వ్యవధిలో చేసి చూపించింది. పట్టీ లేని, మందం లేని, ఫ్యాను ఉన్న ఐమాక్ బొమ్మ గీసినవాళ్ళు ఈ బేరంలో ఏదీ చెల్లించకుండా సరుకు పట్టుకుపోతున్నారు.

తెర ఎన్ని అంగుళాలు అనే ప్రశ్నకు మాత్రం కాగితం, పెన్సిలు చాలు. మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ అక్షరాలనూ బొమ్మలనూ సరిగ్గా రెట్టింపు చుక్కలతో గీసినప్పుడే అందంగా ఉంటుంది. అందుకే ఐమాక్ తెరల్లో అంగుళానికి 218 చుక్కల చుట్టూ తిరుగుతుంటారు. 24 అంగుళాల ఐమాక్‌లో 4480 బై 2520. 27 అంగుళాల్లో 5120 బై 2880. 32 అంగుళాల ప్రో డిస్‌ప్లే ఎక్స్‌డీఆర్ అనే ఆపిల్ మానిటర్‌లో 6016 బై 3384. మూడూ దాదాపు అదే సాంద్రత. ఎవరైనా 30 అంగుళాల ఐమాక్ అంటే, అంగుళానికి 218 చుక్కలతో ఆ పలకను ఎవరు తయారు చేస్తున్నారని అడగండి. పలక అనేది ఒక కంప్యూటర్ కోసం పుట్టదు, దాన్ని వేర్వేరు వస్తువుల్లో అమ్మితేనే ఖర్చు తిరిగి వస్తుంది. కనుక 27 లేదా 32. మధ్యలో మరేదీ నేను నమ్మను.

ఇక్కడ ధరలు అడ్డం వస్తాయి. 27 అంగుళాల 5కే ఐమాక్ 2014లో 2,499 డాలర్లకు మొదలై, 2020 నాటికి 1,799 డాలర్లకు దిగింది. 2022లో ఆ ఐమాక్‌ను నిలిపివేసినప్పుడే, అదే రోజుల్లో, కంప్యూటర్ లేని స్టూడియో డిస్‌ప్లేకి 1,599 డాలర్లు పెట్టారు. 2024లో వచ్చిన చిన్న మాక్ మినీ, అంటే తెర లేని చిన్న పెట్టె కంప్యూటర్, 599 డాలర్లు. రెండూ కలిపితే 2,198. ఒకప్పుడు ఒక పెట్టెలో 1,799కి దొరికింది 2024 నాటికి రెండు పెట్టెల్లో నాలుగు వందలు ఎక్కువ. కంపెనీ వైపు నుంచి ఆలోచిస్తే 27 అంగుళాల ఐమాక్ తన సొంత మానిటర్‌కే పోటీ. 2023లో 27 అంగుళాల ఐమాక్ చేసే ఆలోచన లేదని పత్రికలకు చెప్పడంలో నాకు వింత ఏమీ కనిపించలేదు. ఆ మాటలో జాగ్రత్తగా చూడాల్సింది 27 అనే అంకె. 32 గురించి వాళ్ళు ఏమీ అనలేదు.

నన్ను తరచూ అడిగేది ఇంకొకటి ఉంది. ఐమాక్ జీ4 చెయ్యి మళ్ళీ వస్తుందా? 2016లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ స్టూడియో తెచ్చింది. 28 అంగుళాల తెర, కంప్యూటర్ అంతా చిన్న అడుగు పెట్టెలో, మధ్యలో స్ప్రింగు కీలు, తెరను బల్ల మీదికి వాల్చి పెన్నుతో గీసుకోవచ్చు. జీ4 ఆలోచనే, ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. అక్కడ కీలుకు ఒక పని ఉంది, పెన్నుతో గీయడం. ఆపిల్ తన మాక్ తెరలను ముట్టుకోనివ్వదు. ముట్టుకోనివ్వని తెరకు అంత ఖరీదైన చెయ్యి ఎందుకు? మాక్ తెర మీద వేలు పెట్టడానికి ఒప్పుకునే రోజు వస్తే నా జవాబు మారుతుంది. అప్పటిదాకా ఎత్తు సవరించే స్టాండు వస్తే అదే గొప్ప. పుస్తకాల దొంతర మీద ఐమాక్ పెట్టుకునేవాళ్ళు ఈ గదిలోనూ ఉంటారని నా నమ్మకం.

పేటెంట్ల గురించి ఒక్క మాట. 2020 ఆరంభంలో ఆపిల్ పేటెంటు దరఖాస్తు ఒకటి బయటికొచ్చింది. ఒకే గాజు పలకను కింద వంచి, పై భాగం తెరగా, కింది భాగం కీబోర్డుకు చోటుగా వాడే ఐమాక్. ఎన్ని పత్రికలు రాశాయో! ఆ తర్వాతి ఏడాది వచ్చింది అల్యూమినియం పలక. పేటెంటు అంటే ఈ దారి మాది అని కంచె వేయడం. ఆ దారిన నడుస్తామని చెప్పడం కాదు.

చివరగా నా కోరిక, నా ఊహ రెండూ విడివిడిగా చెబుతాను. ఊహాగానాలు చేసేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తారు, చిక్కంతా అక్కడే.

నా కోరిక ఇది. తెర ఆయుష్షు వేరు, కంప్యూటర్ ఆయుష్షు వేరు. మంచి 5కే తెర పదేళ్ళు నిక్షేపంగా వెలుగుతుంది. దాని వెనకున్న ప్రాసెసర్ ఆ పదేళ్ళలో పాతబడిపోతుంది. 2009లో వచ్చిన 27 అంగుళాల ఐమాక్‌ను వేరే కంప్యూటర్‌కు మానిటర్‌గా వాడుకునే వీలుండేది. 2014 నాటి 5కే తెరతో ఆ వీలు పోయింది. అన్ని చుక్కలను మోసుకొచ్చే శక్తి ఆనాటి ఒక్క కేబులుకు లేదు, లోపల ప్రత్యేకమైన చిప్ పెట్టి నడిపించారు, బయటి నుంచి లోపలికి దారి ఇవ్వలేదు. ఆ సాంకేతిక అడ్డంకి ఇప్పుడు లేదు, థండర్‌బోల్టు అనే వేగవంతమైన కేబులు ఒక్కటే 5కేను సునాయాసంగా మోస్తుంది. కొత్త పెద్ద ఐమాక్ ఆ దారి మళ్ళీ తెరవాలి. ఏడేళ్ళ తర్వాత దాని వెనక ఒక మాక్ మినీ తగిలించుకుని వాడుకోగలగాలి. బాగా వెలుగుతున్న తెరను చెత్తలో పడేయించే డిజైన్‌ను, ఎంత పలుచగా ఉన్నా సరే, నేను మంచి డిజైన్ అనలేను. ఇలా జరుగుతుందని నేను పందెం కాయను. పాత తెరలు బాగా పనిచేస్తే కొత్త మానిటర్ ఎవరు కొంటారు?

ఇక ఊహ. పెద్ద ఐమాక్ అంటూ వస్తే 32 అంగుళాల వైపే మొగ్గు ఉంటుంది, 6016 బై 3384 చుక్కలతో. తెర అంత పెద్దదైతే కింది పట్టీ మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది, పైగా స్పీకర్లకూ ఫ్యాన్లకూ తెర వెనక కావలసినంత చోటు దొరుకుతుంది. అందుకని పట్టీ పోతుంది, మందం స్టూడియో డిస్‌ప్లే వైపు పెరుగుతుంది. అడాప్టర్ బయటే ఉంటుంది, ఎందుకంటే ఆ వేడిని లోపలికి తెచ్చుకుంటే ఫ్యాను గట్టిగా తిరగాలి. స్టాండు ఎత్తు సవరించుకునేది విడిగా డబ్బు కడితేనే ఇస్తారు, ఈ విషయంలో కంపెనీ అలవాటు మీకూ తెలుసు. రంగులు చిన్న ఐమాక్‌కే. పెద్దదానికి వెండి రంగు, నలుపు, మహా అయితే మరొకటి.

ఇందులో నేను పట్టుబట్టేది ఒక్కటే, మిగతావి తారుమారైనా నాకు చింత లేదు. కింద పట్టీ లేకుండా, మందం 11.5 మిల్లీమీటర్లకు మించకుండా, లోపల ఫ్యానూ స్పీకర్లూ అన్నీ ఉన్న పెద్ద ఐమాక్ వచ్చిందనుకోండి. అప్పుడు నేను ఇంతసేపు చెప్పిన బేరం అబద్ధమైనట్టే, మళ్ళీ పిలిచి నిలదీయండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.